మొదట తట్టిందే అడ్డు

"బుర్ర పనిచేయడం లేదు", "ఏమీ తట్టడం లేదు". కథ రాసేవారు, లెక్క చేసే పిల్లలు, కొత్త దుకాణానికి పేరు వెతికేవారు అందరూ ఏదో ఒకరోజు అనే మాటే ఇది. ఆ అవస్థ కంటే, దాని గురించి మనం పెంచుకున్న నమ్మకాలే ఎక్కువ హాని చేస్తున్నాయి.

అపోహ: తట్టడం లేదంటే బుర్ర ఖాళీ అయిపోయినట్టే.

వాస్తవం: చాలాసార్లు బుర్ర ఖాళీగా ఉండదు. తెలిసిన జవాబు ఒకటి గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఉంటుంది. మనస్తత్వ శాస్త్రవేత్త అబ్రహాం లుచిన్స్ 1942లో ప్రచురించిన ప్రయోగం చూడండి. మూడు జాడీలు. ఒకదానిలో 21 కొలతల నీళ్లు పడతాయి, రెండోదానిలో 127, మూడోదానిలో 3. వాటితో సరిగ్గా 100 కొలవాలి. పెద్ద జాడీ నింపి, అందులోంచి మొదటి జాడీకి ఒకసారి, చిన్న జాడీకి రెండుసార్లు వంపేస్తే మిగిలేది 100. ఇదే పద్ధతిలో తేలే లెక్కలు వరసగా కొన్ని చేయించాక జాడీలు మార్చారు: 23, 49, 3. కావలసింది 20. చాలామంది మళ్లీ 49 జాడీనే నింపారు, 23 తీశారు, రెండుసార్లు 3 తీశారు. జవాబు వచ్చింది, తప్పేమీ లేదు. కానీ 23లోంచి ఒక్క 3 తీస్తే సరిపోతుందన్న సంగతి వారి కంటికి ఆనలేదు. పాత లెక్కలు చేయకుండా నేరుగా ఈ లెక్కకే వచ్చినవారికి ఆ దగ్గరి దారి సులువుగానే కనిపించింది.

ఆరితేరినవారికీ ఈ బెడద తప్పదు. 2008లో వెలువడిన ఒక అధ్యయనంలో చదరంగ నిపుణులకు ఒక స్థితి ఇచ్చారు. అందరికీ తెలిసిన ఎత్తుల వరసతో ఆట కట్టించవచ్చు, అంతకంటే తక్కువ ఎత్తుల్లో తేలే దారీ ఉంది. కొత్త దారి వెతుకుతున్నామనే వారు చెప్పారు. వారి చూపును యంత్రంతో గమనిస్తే మాత్రం, అది పాత ఎత్తులకు సంబంధించిన గళ్లకే తిరిగి తిరిగి పోతోంది. వెతుకుతున్నామని మనసారా నమ్ముతూనే మనం వెతకకుండా ఉండగలం. ఈ విషయంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టే వాస్తవం ఇదే.

అపోహ: నియమాలు ఊహను చంపేస్తాయి, స్వేచ్ఛ ఉంటేనే కొత్తది పుడుతుంది.

వాస్తవం: ఒక్క అష్టావధానం చూసినవారు ఈ మాట అనలేరు. దత్తపది అనే అంశంలో ప్రశ్న వేసే పృచ్ఛకుడు పొంతన లేని నాలుగు పదాలిచ్చి, వాటితో ఫలానా విషయం మీద పద్యం చెప్పమంటాడు. నిషిద్ధాక్షరి ఇంకా కఠినం. అవధాని ఒక అక్షరం చెప్పగానే, తర్వాత సహజంగా ఏ అక్షరం రాబోతోందో పృచ్ఛకుడు ఊహించి దాన్నే నిషేధిస్తాడు. అంటే మొదట తట్టే మాటను గుమ్మంలోనే ఆపేస్తాడు. అవధాని పక్కదారి తొక్కక తప్పదు. సభ అంతా నిటారుగా కూర్చునే పదం పుట్టేది అక్కడే. లుచిన్స్ జాడీల దగ్గర మనుషులు పోగొట్టుకున్నదాన్ని, పృచ్ఛకుడు అడ్డు చెప్పి మరీ అవధాని చేత వెతికిస్తున్నాడని నాకనిపిస్తుంది.

మీరూ చేసి చూడండి. కథకు మొదట తట్టిన ముగింపును, బొమ్మకు మొదట తట్టిన రంగును కాగితం మీద రాసి, అడ్డంగా కొట్టేయండి. అవి నిషిద్ధం. మిగిలినవాటితోనే పని చేయండి.

అపోహ: కుడి మెదడు కళాకారులది, ఎడమ మెదడు లెక్కల వాళ్లది.

వాస్తవం: రెండు భాగాల పనుల్లో తేడాలున్న మాట నిజం. ఆ పరిశోధనకే రోజర్ స్పెర్రీకి 1981లో నోబెల్ వచ్చింది. కానీ పద్యం కట్టినా, వంతెన గీసినా రెండు భాగాలూ కలిసే పనిచేస్తాయి.

అపోహ: సృజన పుట్టుకతో రావాలి, లేదా దేవుడివ్వాలి.

వాస్తవం: శ్రీనివాస రామానుజన్ పేరు చెప్పగానే నామగిరి అమ్మవారి కలలు గుర్తు చేస్తారు. ఆయన భక్తిని శంకించనక్కర్లేదు. అయితే పదహారేళ్ల వయసు నుంచి, నిరూపణలు పెద్దగా లేని వేల ఫలితాలతో కార్ అనే రచయిత కూర్చిన గణిత పుస్తకాన్ని ముందేసుకుని ఒక్కొక్కటీ తానే తేల్చుకున్న సంగతి ఎవరూ చెప్పరు. కాగితం కొనలేక పలక మీద చేసి, చెరిపి, మళ్లీ చేశాడు. ఆ చెరిపేసిన పలకలను లెక్కలోకి తీసుకోకుండా ప్రతిభ గురించి మాట్లాడటం అన్యాయం.

అపోహ: పదిమంది కూర్చుని మాట్లాడుకుంటే ఎక్కువ ఆలోచనలు వస్తాయి.

వాస్తవం: 1958లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నలుగురి బృందాలనూ, విడివిడిగా పనిచేసిన నలుగురినీ పోల్చారు. విడిగా చేసినవారి ఆలోచనలు కలిపితే వాటి సంఖ్యే ఎక్కువ. ఒకరు మాట్లాడుతుంటే మిగతావారు వంతు కోసం ఆగాలి, ఆగినవారు మరిచిపోతారు. ముందు ఎవరికి వారు రాసుకుని, ఆ తర్వాత కూర్చోవడం మేలు.

అపోహ: తట్టేదాకా కుర్చీ వదలకూడదు.

వాస్తవం: లేచి నడవండి. 2014లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు నడిచేటప్పుడు కొత్త ఆలోచనలు సగటున 60 శాతం పెరిగినట్టు గమనించారు. ఖాళీ గోడకు ఎదురుగా ట్రెడ్‌మిల్ మీద నడిచినా ఫలితం కనిపించింది. ఒకే ఒక సరైన జవాబున్న ప్రశ్నలకు మాత్రం నడక అంత సాయం చేయలేదు.

చివరగా ఉపాధ్యాయులకూ తల్లిదండ్రులకూ ఒక విన్నపం. జాడీల లెక్కలో 23లోంచి 3 తీసిన పిల్ల మీ ఇంట్లోనో తరగతిలోనో ఉంటుంది. నేర్పిన పద్ధతిలో చేయలేదని ఆ పిల్ల మార్కులు కోయకండి.