బూస్ట్ పెంచేముందు వేడి లెక్క చూసుకోండి: అనంతపురం ఎండల్లో సూపర్‌ఛార్జ్‌డ్ ఇంజిన్ అప్‌గ్రేడ్

ఫోన్‌లో పెర్ఫార్మెన్స్ మోడ్ ఆన్ చేసి గేమ్ ఆడేవాళ్లకి థ్రాట్లింగ్ గురించి చెప్పక్కర్లేదు. చిప్ వేడెక్కితే తనే స్పీడ్ తగ్గించుకుంటుంది. కారు ఇంజిన్ కూడా కొంతవరకు ఆ పనే చేస్తుంది, ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగుతుంది. ఆ హద్దు దాటితే మాత్రం రీస్టార్ట్ బటన్ ఉండదు, పిస్టన్ పోతుంది.

సూపర్‌ఛార్జర్‌ని క్రాంక్‌షాఫ్ట్ బెల్ట్ తిప్పుతుంది. అందుకే పవర్ పెంచాలంటే అందరూ ముందు చూసేది చిన్న పుల్లీ. ఉదాహరణకి క్రాంక్ పుల్లీ 160 మి.మీ., సూపర్‌ఛార్జర్ పుల్లీ 80 మి.మీ. అనుకుందాం. ఇంజిన్ 6,000 ఆర్‌పీఎం దగ్గర సూపర్‌ఛార్జర్ 12,000 తిరుగుతుంది. 70 మి.మీ. పుల్లీ వేస్తే అదే 13,700 దాటుతుంది. పని అరపూటలో అయిపోతుంది. అసలు కథ ఆ తర్వాతే.

గాలిని నొక్కితే వేడెక్కుతుంది, సైకిల్ పంపు కొట్టినవాళ్లకి తెలిసిందే. కుందుర్పి నుంచి కళ్యాణదుర్గం వైపు మే నెల మధ్యాహ్నం వెళ్తున్నారనుకోండి. బయట 40 డిగ్రీలు. కంప్రెసర్ ఎఫిషియెన్సీ 70 శాతం అనుకుంటే, 0.5 బార్ బూస్ట్‌కి గాలి దాదాపు 95 డిగ్రీలతో బయటికొస్తుంది. 0.7 బార్‌కి పెంచితే 113 దగ్గర. అదే 25 డిగ్రీల బెంగళూరు ఉదయం 0.5 బార్‌కి 77 డిగ్రీలే. అంటే అక్కడ చల్లటి పూట డైనో మీద చక్కగా సెట్ చేసిన ట్యూన్ ఇక్కడికొచ్చేసరికి నాకింగ్ మొదలుపెట్టొచ్చు. ట్యూనర్ తప్పు చేశాడని కాదు, మన గాలి వేరు.

కాబట్టి నా లెక్కలో మొదటి ఖర్చు ఇంటర్‌కూలర్ మీదే. నీళ్లతో చల్లబరిచే సిస్టమ్ అయితే ముందున్న హీట్ ఎక్స్‌ఛేంజర్, దాని పంపు కూడా చూడాలి. ఒక్క పుల్ చల్లగా రావడం గొప్ప కాదు, నాలుగో పుల్‌లో కూడా అలాగే రావాలి.

తర్వాత ఇంధనం. గాలి పెరిగితే పెట్రోల్ కూడా పెరగాలి, లేకపోతే మిశ్రమం లీన్ అయి మంట ఇంకా వేడెక్కుతుంది. పైగా ఇప్పుడు బంకుల్లో వస్తున్న ఈ20కి మామూలు పెట్రోల్ కంటే 7–8 శాతం ఎక్కువ పోయాలి. ఇంజెక్టర్లు ఇప్పటికే 85 శాతం డ్యూటీ సైకిల్‌లో ఉంటే ఇక పెంచడానికి చోటు లేనట్టే, ముందు పెద్దవి వేయించుకోవాలి. 100 ఆక్టేన్ పోసి ట్యూన్ చేయించి ఊళ్లో మామూలుది కొట్టించే ఆలోచన ఉంటే అసలు మొదలుపెట్టకండి. రోజూ పోసే పెట్రోల్‌కే ట్యూన్ చేయమని అడగండి.

స్పార్క్ ప్లగ్‌లు ఒక మెట్టు కోల్డ్ రేంజ్‌వి, గ్యాప్ కాస్త తగ్గించి వేస్తారు. క్లచ్, బ్రేకులు సరేసరి.

సూపర్‌ఛార్జ్‌డ్ కార్లు మన దగ్గర తక్కువే, పాత మెర్సిడెస్ కంప్రెసర్ మోడళ్ల లాంటివి. టర్బో ఉన్నవాళ్లకీ ఈ లెక్కే వర్తిస్తుంది. మన పెనుకొండ దగ్గర ఎర్రమంచి ప్లాంట్‌లో 2019 నుంచి తయారైన సెల్టోస్ 1.4 టర్బో స్టాక్‌లోనే 140 పీఎస్, 242 ఎన్‌ఎం ఇస్తుంది. దాని ఏడు గేర్ల డీసీటీలో ఉన్నది డ్రై క్లచ్. రీమ్యాప్ అంటే ముందు ఆ క్లచ్ గురించే అడగాలి.

ఇక్కడ మనకి పనికొచ్చే గ్యాడ్జెట్ బ్లూటూత్ ఓబీడీ డాంగిల్. ఫోన్‌లో యాప్ పెట్టుకుని ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత, ఇగ్నిషన్ టైమింగ్, ఫ్యూయల్ ట్రిమ్ స్టాక్ కారు మీదే వారం రోజులు లాగ్ చేయండి, మధ్యాహ్నం ఎండలో కూడా. స్టాక్‌లోనే టైమింగ్ పడిపోతుంటే బూస్ట్ పెంచే ముందు కూలింగ్ పని ఉన్నట్టు. ట్యూన్ తర్వాత అదే రోడ్డు, అదే టైమ్‌లో మళ్లీ లాగ్ తీసి పక్కపక్కన పెట్టి చూడండి. చవక డాంగిల్స్ అప్‌డేట్ రేటు నెమ్మది, క్షణంలో వచ్చి పోయే నాక్ వాటికి దొరక్కపోవచ్చు. ఫుల్ బూస్ట్‌లో మిశ్రమం చూడాలంటే వైడ్‌బ్యాండ్ సెన్సర్ తప్పదు.

చట్టం సంగతి కూడా చూసుకోండి. కంపెనీ స్పెసిఫికేషన్ మార్చే మోడిఫికేషన్లు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కుదరవని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకి రూ.5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు కూడా పడొచ్చు. వారంటీ, ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర కూడా ఇబ్బందే. ట్రాక్ కోసం కారు విడిగా ఉంచుకున్నవాళ్ల సంగతి వేరు. రోజూ రోడ్డెక్కే కారైతే ఆర్‌టీఓ, ఇన్సూరెన్స్ వాళ్లని అడిగాకే పుల్లీ ఆర్డర్ పెట్టండి.