పడుగూ పేకా లేని బట్ట

మొన్న వేసవిలో సగ్గుబియ్యం వడియాలు పెడదామని పిండి కాచుకుని డాబా ఎక్కాను. ఏటా పరిచే నూలు పంచె కాస్తా చిరుగులు పట్టింది. మా రామచంద్రపురంలో ఏ పెళ్ళికి వెళ్ళినా తాంబూలం పెట్టి ఓ రంగు సంచి చేతికిస్తారు కదా, అలాంటివి ఇంట్లో బోలెడున్నాయి. బట్ట సంచులేగా అని నాలుగింటిని కత్తిరించి పరిచేశాను. పక్కలకి కుట్టన్నదే లేదు, వేడితో అతికించారు. నాకు అప్పుడైనా అనుమానం రావద్దూ!

రెండ్రోజులకి వడియాలు ఎండాయి. పంచె అయితే వెనకవైపు నీళ్ళు చిలకరిస్తే నానుతుంది, వడియం చక్కగా ఊడొస్తుంది. ఇక్కడ నీళ్ళు తామరాకు మీద చుక్కల్లా జారిపోయాయి. బలవంతాన లాగితే వడియం అడుగున ఎర్రటి నూగు అంటుకుని వచ్చింది. కిలో సగ్గుబియ్యం, రెండ్రోజుల ఎండ, నా నడుం నొప్పి, అన్నీ చెత్తకుండీ పాలు. "గుడ్డకీ ప్లాస్టిక్కుకీ తేడా తెలీదుటే నీకు?" అన్నారు అత్తగారు. కోపం వచ్చింది గానీ, ఆవిడ అన్నది అక్షరాలా నిజం.

మన ఉప్పాడలోనో బండారులంకలోనో మగ్గం చూశారా? నిలువు దారాలు పడుగు, అడ్డం దారాలు పేక. రెండూ ఒకదానిలో ఒకటి దూరితేనే బట్ట. ఈ సంచిలో అవేవీ లేవు. అందుకే దీన్ని నాన్ వోవెన్ అంటారు, అంటే నేయనిది. అంచు పట్టి లాగి చూడండి, పొడుగాటి దారం ఒక్కటీ రాదు.

బకెట్లూ మగ్గులూ చేసే పాలీప్రొపిలీనే దీనికీ ముడిసరుకు. సగ్గుబియ్యంలాంటి ఆ గింజల్ని (చూడండి నా ఖర్మ!) కరిగించి, సన్నటి చిల్లుల పళ్ళెంలోంచి నొక్కుతారు. మన జంతికల గొట్టమే అనుకోండి, చిల్లులు మాత్రం వేలల్లో ఉంటాయి. కిందికి దిగే పోగుల్ని గాలితో లాగి సాగదీస్తే, కదిలే పట్టీ మీద చిందరవందరగా పడి పొరలా పరుచుకుంటాయి. ఆ పొరని రెండు వేడి రోలర్ల మధ్య నుంచి పంపుతారు. రోలరు మీది బొడిపెలు నొక్కినచోట పోగులు కరిగి అతుక్కుపోతాయి. సంచిని వెలుతురుకి పెట్టి చూస్తే వరసగా చుక్కలు కనిపిస్తాయే, అవే ఆ అతుకులు. ఈ పద్ధతి పేరు స్పన్‌బాండ్.

2020లో మనందరం కట్టుకున్న మూడు పొరల మాస్కుల్లో పై పొరా లోపలి పొరా సాధారణంగా ఇదే రకం. మధ్య పొరని మాత్రం వేడిగాలితో ఊది, పీచుమిఠాయికన్నా సన్నటి పోగులుగా చేస్తారు. సూక్ష్మమైన తుంపర్లని పట్టేది ఆ పొరే.

నేయనివన్నీ ప్లాస్టిక్కని అనుకోకండి. దూదిని దూదేకులవాళ్ళు ఏకినట్టే మిషన్ల మీద ఏకి, నీళ్ళని సూదుల్లాంటి ధారలుగా కొట్టి పీచులు పెనవేసే రకం కూడా ఉంది. పసిపిల్లల్ని తుడిచే తడి గుడ్డలు చాలావరకు అలా తయారైనవే.

ఇక వాడకం సంగతి. పాలీప్రొపిలీన్ సుమారు 160 డిగ్రీల వేడికి కరిగిపోతుంది. నూలు చీరకి పెట్టే ఇస్త్రీ దీనికి పెడితే పెట్టెకి అంటుకుపోతుంది. ఎండలో నెలల తరబడి వదిలేస్తే పెళుసెక్కి రాలిపోతుంది. మట్టిలో పూడిస్తే నూలుగుడ్డలా చివకదు, ఆకులతో కలిపి తగలబెట్టడం అసలే వద్దు. చదరపు మీటరుకి 60 గ్రాములకన్నా పల్చటి ఈ రకం సంచులు 2021 సెప్టెంబరు 30 నుంచి చెల్లవని కేంద్ర ప్రభుత్వం నియమం పెట్టింది. దళసరివైతే కూరలకీ సరుకులకీ చాలాసార్లు పనికొస్తాయి. మాసితే చన్నీళ్ళతో కడిగి నీడలో ఆరేస్తున్నాను.

వడియాలకి మాత్రం అత్తగారి పాత నేత చీర ఒకటి అడిగి పుచ్చుకున్నాను. ఇస్తూ ఇస్తూ ఆవిడ ఇంకో మాట అన్నారు లెండి, అది ఇక్కడ రాయను.