మిల్లు చెవులకు పాత స్పీకర్లు

సాంచా ఖాతాలో ముప్పై ఏళ్ళు నిలబడ్డ మనిషి ఇంట్లో టీవీ పెట్టాడంటే, ఆ సంగతి పక్క ఖోలీ వాళ్ళకు కూడా తెలిసిపోతుంది. “నాయినా, జర సౌండు తగ్గియ్యి” అంటాడు కొడుకు. “ఏం మాట్లాడుతున్నరో తెలుస్తలేదురా” అంటాడు తండ్రి. కోడలు తలుపు దగ్గరకు వేస్తుంది. మనవడు చెవుల్లో తీగలు పెట్టుకుని చదువుకుంటాడు. ఇందులో ఎవరి తప్పూ లేదు. తండ్రికి నిజంగానే మాట అందడం లేదు, కొడుక్కి నిజంగానే తల పగిలిపోతోంది.

ఈ తగాదాను సగానికి సగం తగ్గించే వస్తువు ఒకటి పాత బజార్లలో దొరుకుతుంది. అదే చిన్న స్పీకర్ల జత. చదువుకున్నవాళ్ళ ఇళ్ళల్లో పుస్తకాల అలమరలో పట్టే సైజు కాబట్టి వాటికి బుక్‌షెల్ఫ్ స్పీకర్లు అని పేరొచ్చింది. మన ఇళ్ళల్లో రెండు స్టూళ్ళ మీద పెట్టుకుంటాం, అంతే తేడా. కొత్తవి కొనాలంటే మనకు బరువు. పాతవి నేను చూసినంతలో జత 2,000 నుంచి 4,000 రూపాయల లోపు దొరుకుతున్నాయి. అయితే ఏది మంచిదో ఏది చచ్చిందో తెలుసుకుని కొనాలి. మన చెవులతో అది తెలుసుకోవడంలో ఒక చిక్కుంది. ముందు ఆ చిక్కు సంగతి చెప్తాను.

మన చెవికి ఏమయింది

నేను లోయర్ పరేల్‌లో ఒక మిల్లులో చేశాను. తర్వాత భివండీ పద్మనగర్‌లో సాంచాల మీద చేశాను. నాడె కొట్టే సాంచాలు వరసగా నడిచే షెడ్డులో చప్పుడు 95 డెసిబెల్ దాటుతుంది. రోజుకు ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్ మించకూడదని ఫ్యాక్టరీ నిబంధన ఉండేది. 85 దాటితేనే చెవికి ముప్పని డాక్టర్లు అంటారు. డెసిబెల్ లెక్క మామూలు లెక్క లాంటిది కాదు. మూడు పెరిగితే చప్పుడు బలం రెట్టింపు అయినట్టు. అందుకే 90కీ 96కీ తేడా ఆరే అనిపించినా, బలం నాలుగింతలు. ఆ షెడ్డులో మనం పెదాలు చూసి, చేతులు ఊపి మాట్లాడుకున్నవాళ్ళం. చెవుల్లో పెట్టుకునేందుకు మాకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. కొందరు దూది ముక్క కుక్కుకునేవాళ్ళు, అదీ అంతంత మాత్రమే.

లోపలి చెవిలో నూగు లాంటి సన్నని కణాలుంటాయి. చప్పుడును పట్టుకునేవి అవే. ఏళ్ళ తరబడి మోతకు ఆ నూగు రాలిపోతుంది, మళ్ళీ మొలవదు. అన్నీ ఒకేసారి రాలవు. ముందు సన్నని శబ్దాలను పట్టే చోట, అంటే సెకనుకు 4,000 సార్లు కదిలే శబ్దం దగ్గర్లో గుంట పడుతుంది. ఆ మీద వయసు కూడా పైనుంచి కోసుకుంటూ వస్తుంది.

దీనివల్ల జరిగేది బడిలో నేర్చిన అక్షరాలతో చెప్తే సులువుగా అర్థమవుతుంది. అచ్చులు లావు శబ్దాలు. అవి మనకు వినిపిస్తాయి. హల్లుల్లో స, శ, ష, చ, త లాంటివి సన్నవి. అవి జారిపోతాయి. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నారో తెలియదు. ‘సంచి’ అన్నా ‘కంచి’ అన్నా ఒక్కలాగే ఉంటుంది. అందుకే సౌండు పెంచుతాం. పెంచితే అచ్చులు ఇంకా గట్టిగా మోగుతాయి గానీ హల్లులు అక్కడే ఉంటాయి.

ఇప్పటి పల్చటి టీవీలు దీనికి తోడయ్యాయి. వాటిలో స్పీకరు పెట్టడానికి చోటు లేదు. అడుగునో వెనకో చిన్నది పెట్టి గోడ వైపు తిప్పుతారు. మాట గోడకు తగిలి, ఖోలీ అంతా తిరిగి మన దగ్గరికి వస్తుంది. సన్నని అక్షరం దారిలోనే పోతుంది.

చిన్న పెట్టెలో రెండు గొంతులు

మంచి బుక్‌షెల్ఫ్ పెట్టెలో రెండు స్పీకర్లుంటాయి. కింద నాలుగు నుంచి ఆరున్నర అంగుళాల వూఫరు. లావు శబ్దం, గొంతులో ఎక్కువ భాగం దానిది. పైన ఒక అంగుళం ట్వీటరు. హల్లులు, తాళాలు, గజ్జెలు దానివి. లోపల ఒక చిన్న పలక మీద తీగ చుట్ట, కెపాసిటర్ ఉంటాయి. ఏ శబ్దం ఎవరికి పోవాలో అవి పంచుతాయి. దాన్ని క్రాసోవర్ అంటారు. ట్వీటరు మన ముఖం వైపు తిరిగి ఉంటుంది కాబట్టి అక్షరం నేరుగా చెవికి వస్తుంది. పోయిన నూగును ఇది తెచ్చివ్వదు. మిగిలి ఉన్నదానికి మాటను తేటగా అందిస్తుంది.

ఇలాంటి పెట్టెలకు పేరున్న ఒక కంపెనీ ఇంగ్లండులోని వార్ఫ్‌డేల్. దాన్ని పెట్టిన గిల్బర్ట్ బ్రిగ్స్ బ్రాడ్‌ఫోర్డ్ ఊళ్ళో బట్టల వ్యాపారంలో పనిచేసినవాడు. 1932లో తన ఇంటి నేలమాళిగలో మొదటి స్పీకరు తయారుచేశాడు. ఆ కంపెనీ డైమండ్ అనే చిన్న పెట్టెలు 1980ల నుంచి తక్కువ ధరలో మంచి గొంతుకు పేరు తెచ్చుకున్నాయి. మన దేశంలో కోల్‌కతా సోనోడైన్ ఉంది. ఇవి కాక ఫిలిప్స్, సోనీ పాత మ్యూజిక్ సెట్ల నుంచి విడదీసిన పెట్టెలు బజార్లో కుప్పలుగా ఉంటాయి. పేరు చూసి మోసపోవద్దు, పేరు లేదని వదిలేయొద్దు. పరీక్ష చేసి కొనాలి.

వెనక కాగితం మీద ‘1000 వాట్లు పీఎంపీఓ’ అని ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోకండి. అది అమ్ముకోవడానికి వేసుకున్న అంకె. ఆర్‌ఎంఎస్ అని రాసిన అంకె నిజానికి దగ్గర. అయినా మనకు వాట్లతో పెద్ద పని లేదు. మామూలు పెట్టె ఒక్క వాటుకే మూడడుగుల దూరంలో 85 నుంచి 88 డెసిబెల్ మోత ఇస్తుంది. మనుషుల మామూలు మాట 60. పది అడుగుల ఖోలీకి అంతకంటే ఏం కావాలి?

బజార్లో చూసుకోవాల్సినవి

ముంబయి వాళ్ళకు చోర్ బజార్, లామింగ్టన్ రోడ్డు ఉన్నాయి. షోలాపూర్, సూరత్, ఇచల్‌కరంజి వాళ్ళు మీ ఊరి రిపేరు దుకాణాల్లో, భంగార్ వాళ్ళ దగ్గర అడగండి. పోయేటప్పుడు ఒక పెన్సిల్ సెల్లు, రెండు ముక్కల తీగ, ఫోన్లో నాలుగు పాటలు పట్టుకుపోండి.

జాలీ తీయించి వూఫరు అంచు చూడండి. కాగితపు గిన్నె చుట్టూ మెత్తని పట్టీ ఉంటుంది. అది రబ్బరుదైతే చాలా ఏళ్ళు ఆగుతుంది. ఫోముదైతే పదిహేను, ఇరవై ఏళ్ళకు వేలితో తాకగానే పొడిగా రాలుతుంది. సముద్రం గాలికి ఇంకా త్వరగా పోతుంది. కొత్త పట్టీ అతికించేవాళ్ళు ఉన్నారు. కాబట్టి పట్టీ పోయినంత మాత్రాన వదిలేయనక్కర్లేదు, ధర తగ్గించి అడగండి.

తర్వాత గిన్నె మధ్యకు అటూ ఇటూ వేళ్ళు పెట్టి, సమానంగా, మెల్లగా లోపలికి నొక్కండి. మెత్తగా పోయి మెత్తగా రావాలి. గరగర అంటే లోపల తీగచుట్ట అయస్కాంతానికి రాసుకుంటోంది. అలాంటిది కొనొద్దు.

వెనక ఎర్ర కొనకు సెల్లు ప్లస్సు, నల్ల కొనకు మైనస్సు ఒక్క క్షణం తాకించండి. టక్ మని గిన్నె ముందుకు రావాలి. రెండు పెట్టెల్లోనూ ముందుకే రావాలి. ఒకటి వెనక్కి పోతే దాని తీగ ఎవరో తిప్పి కలిపారన్నమాట. అది సరిచేసుకోవచ్చు.

పెట్టెను వేలి కణుపుతో కొట్టి చూడండి. అడుగు చెక్క ఉబ్బి ఉంటే నీళ్ళలో తడిసింది. రెండూ చేత్తో ఎత్తి బరువు చూడండి. జతలో ఒకటి తేలిగ్గా ఉంటే లోపల ఏదో మార్చారు.

ఇక ట్వీటరు. కొన్ని చవక పెట్టెల్లో పైన మెరిసే గుండ్రం ఉంటుంది గానీ దాని వెనక ఏమీ ఉండదు, అలంకారానికి పెట్టింది. కొన్నింట్లో ఉంటుంది గానీ కాలిపోయి ఉంటుంది. చిన్న ఆంప్లిఫయరును అరిచేదాకా పెంచితే ముందు కాలేది ట్వీటరే. ఈ తేడా మిల్లు చెవికి తెలియదు. వూఫరు ఒక్కటే పాడినా మనకు పాట బాగానే ఉన్నట్టుంటుంది. నేను చెప్పిన చిక్కు ఇదే. మన చెవికి ఏది కావాలో అది ఉందో లేదో మన చెవే చెప్పలేదు.

దీనికి ఉపాయం, ఇంట్లో పదేళ్ళ పిల్లనో పిల్లవాణ్ణో వెంట తీసుకుపోవడం. నేను మా మనవరాలిని తీసుకుపోతాను. న్యూస్ పేపరు గొట్టంలా చుట్టి ఒక కొన ట్వీటరు దగ్గర, ఇంకో కొన దాని చెవి దగ్గర పెడతాను. పాట చిన్నగా పెట్టమంటాను. మొన్న ఒక జతలో నాకు రెండు పెట్టెలూ ఒకటే అనిపించాయి. “తాతా, ఇందులో గజ్జెలున్నయి, అందులో లేవు” అంది. దుకాణం ఆయన నవ్వి, “పిల్లకేం తెలుసు” అన్నాడు. విప్పి చూడమన్నాను. కెపాసిటర్ ఒక కాలు ఊడి ఉంది. దాన్ని అతికించి, మూడు వందలు తగ్గించి ఇచ్చాడు. పిల్లకు గోలా ఇప్పించి ఇంటికొచ్చాం.

ఇంట్లో ఎక్కడ పెట్టాలి

ఈ పెట్టెలు టీవీకి నేరుగా కలవవు. నడుమ చిన్న ఆంప్లిఫయరు కావాలి. 20 వాట్లది చాలు. టీవీ వెనక హెడ్‌ఫోన్ సాకెట్ ఉంటే ఒక తీగతో పని అయిపోతుంది. పెట్టె వెనక ఎన్ని ఓములో రాసి ఉంటుంది, 4, 6 లేదా 8. ఆంప్లిఫయరు అంత తక్కువ ఓములకు పనికొస్తుందో లేదో అడిగి కొనండి. ఎర్ర కొన ఎర్రదానికి, నల్ల కొన నల్లదానికి కలపాలి. సరిగా కలిసిందో లేదో తెలుసుకోవడానికి పాత పాట పెట్టండి. మాయాబజార్ (1957) కాలం పాటలు మోనోలో రికార్డయినవి. ఘంటసాల గొంతు రెండు పెట్టెల నట్టనడుమ నిలబడి పాడినట్టుండాలి. గొంతు నడుమ లేకుండా చెదిరిపోయి, లావు శబ్దం పల్చబడితే ఒక పెట్టె తీగ తిరగబడింది.

అన్నిటికన్నా పనికొచ్చే మాట ఇది. పెట్టెలను టీవీ పక్కన కాదు, నాయిన పక్కన పెట్టండి. తీగ పొడుగ్గా తీసుకోండి. స్పీకరుకూ చెవికీ ఉన్న దూరం సగం చేస్తే నేరుగా వచ్చే శబ్దం ఆరు డెసిబెల్ పెరుగుతుంది. అంటే పవరు నాలుగింతలు చేసినట్టే. సౌండు పెంచకుండానే ఆయనకు గట్టిగా వినిపిస్తుంది, పక్క ఖోలీకి మోత తగ్గుతుంది. ట్వీటరు ఆయన కూర్చున్నప్పుడు చెవి ఎత్తుకు రావాలి. మూలల్లోకి తోస్తే బుస్సుబుస్సుమంటుంది, అలమరలో పెడితే గొంతు మూసుకుపోతుంది. గోడకు జానెడైనా వదలండి. ఆంప్లిఫయరు మీద బేస్ కొంచెం తగ్గించి, ట్రెబుల్ కొంచెం పెంచండి. లావు మోత తగ్గితే దాని కింద నలిగిన హల్లు బయటికొస్తుంది.

స్పీకరుతో తీరనిది

ఇన్ని చేసినా మాట అందకపోతే, చెవిలో ఎప్పుడూ కీచుమనే మోత ఉంటే, స్పీకరు మార్చి లాభం లేదు. ఆడియోమెట్రీ అనే పరీక్ష చేయించండి. ముంబయి బాంద్రాలో 1983 నుంచి అలీ యావర్ జంగ్ పేరున కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, వినికిడికే పెట్టింది. దాని శాఖ సికింద్రాబాద్‌లోనూ ఉంది. మోత వల్ల వినికిడి పోవడాన్ని 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లో వృత్తి రోగంగా రాశారు. ఈఎస్ఐ చట్టంలోనూ రాశారు. ‘వయసు మీద పడింది, అంతేలే’ అని ఊరుకున్న మనోళ్ళలో చాలామందికి వచ్చింది ముసలితనం కాదు, పని.

ఇప్పటికీ మన పిల్లలు పద్మనగర్‌లో, షోలాపూర్‌లో అవే షెడ్డుల్లో పాళీలు చేస్తున్నారు. మందుల దుకాణంలో ఫోము చెవి బిరడాలు తక్కువ ధరకు దొరుకుతాయి. వేళ్ళతో సన్నగా నలిపి, చెవిలో దూర్చి, అది ఉబ్బేదాకా వేలితో ఆపి పట్టుకోవాలి. దూది ఆ పని చెయ్యదు. షెడ్డులోకి పోయేముందు అవి పెట్టుకున్నారో లేదో ఇంట్లోవాళ్ళు రోజూ అడగండి, టిఫిన్ డబ్బా తీసుకున్నావా అని అడిగినట్టే.