విషాదము: ఆయుర్వేద దృష్టి

జ్వరము వచ్చిన మనిషిని చూచి ‘ధైర్యము తెచ్చుకొనుము, అదియే తగ్గిపోవును’ అని చెప్పి ఊరకుండువారు లేరు. నుదుట చేయి వేసి చూతురు, జావ కాచి యిత్తురు, వైద్యునికి కబురు పంపుదురు. కాని నెలల తరబడి నవ్వు మరచి, అన్నము సహింపక, తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వచ్చి, గోడవైపు తిరిగి పండుకొనియుండు మనిషిని చూచినప్పుడు మాత్రము మనలో పెక్కుమంది చెప్పు మాట ఒక్కటే: ‘నీకేమి తక్కువ? ధైర్యముగా ఉండుము.’ ప్రేమతోనే ఆ మాట చెప్పుదురు. అయినను విన్నవానికి, ఉన్న బాధకు తోడు తాను పిరికివాడనను నింద కూడ మీద పడినట్లుండును.

ఈ స్థితినే నేటి వైద్యులు డిప్రెషన్ అందురు. తెలుగులో కుంగుబాటు అనుచున్నాము. ఆప్తుడు పోయినప్పుడు కలుగు దుఃఖము, పంట పోయిన ఏటి దిగులు, ఇవన్నియు వ్యాధులు కావు. కాని రెండు వారములకు తక్కువ కాకుండ, దాదాపు ప్రతిదినము, దినములో అధికభాగము మనస్సు కుంగియుండి, ఇష్టమైన పనులయందు రుచి నశించి, నిద్రయు, ఆకలియు, ఏకాగ్రతయు చెడి, తానెందుకును కొరగాననియు, బ్రదికి ప్రయోజనము లేదనియు తలంపులు కలుగుచున్నచో దానిని వ్యాధిగానే ఎంచవలెనని నేటి శాస్త్రము చెప్పుచున్నది. ఇట్టి స్థితిని మన ఆయుర్వేదము ఎట్లు అర్థము చేసికొన్నది, దానికి ఏ ఉపశమనము చెప్పినది, అందులో నేటికిని పనికి వచ్చునదేది, జాగ్రత్త వహింపవలసిన తావులెవ్వి అను విషయములను ఈ ప్రసంగమున పరిశీలింపదలచినాము.

ముందుగా ఒక మాట చెప్పవలెను. ఆయుర్వేద గ్రంథములలో డిప్రెషన్‌కు సరిగా సరిపోవు పేరుతో ప్రత్యేకమైన అధ్యాయము లేదు. సుమారు రెండువేల ఏండ్లనాటిదైన చరకసంహితలో ఈ విషయము పలుచోట్ల చెదరియున్నది. సూత్రస్థానము ఇరువదవ అధ్యాయములో వాతము వలన కలుగు ఎనుబది వికారములను లెక్కించుచు, అందులో విషాదమును చేర్చినారు. దాని సమీపముననే నిద్రలేమియు, మనస్సు నిలకడ లేకుండుటయు చెప్పబడినవి. అదే అధ్యాయములో కఫము వలన కలుగు ఇరువది వికారములలో కునికిపాట్లు, అతినిద్ర, శరీరము బరువెక్కుట, సోమరితనము కలవు. ఈ రెండు జాబితాలను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో కుంగుబాటు యొక్క రెండు ముఖములును మనకు కానవచ్చును. ఒకడు నిద్రపట్టక, మనస్సు కుదుటపడక వేగిపోవును. మరియొకడు ఎంత నిద్రించినను లేవలేక, కాలు కదపలేక మంచమునకు అతుక్కొనిపోవును. ఇద్దరిదియు విషాదమే, కాని ఇద్దరికిని ఒకే చికిత్స తగదని ప్రాచీనులు గ్రహించిరి.

ఉన్మాద ప్రకరణములో కఫము వలన కలుగు భేదమును వర్ణించుచు, రోగి ఒకేచోట కూర్చుండుననియు, మౌనముగా ఉండుననియు, నడక తగ్గుననియు, అన్నముపై కోరిక పోవుననియు, ఏకాంతమునే కోరుననియు, స్నానశౌచములు గిట్టవనియు వ్రాసినారు. ఈ వర్ణన చదివినప్పుడు మనకు తెలిసిన ముఖమేదో ఒకటి కన్నులకు కట్టక మానదు.

సూత్రస్థానములోనే మరియొక చోట, ఏ పనికి ఏది అన్నిటికంటె ప్రబలమో చెప్పు పట్టిక యొకటి కలదు. అందులో రోగమును పెంచువానిలో విషాదమునకును, శరీరమును శోషింపజేయువానిలో శోకమునకును, తృప్తి నిచ్చువానిలో హర్షమునకును మొదటి స్థానము నిచ్చినారు. మధుమేహము గాని, హృద్రోగము గాని కలవానికి కుంగుబాటు తోడైనచో మూలరోగము కూడ లొంగుట కష్టమగునని నేటి వైద్యులును చెప్పుచున్నారు. శరీరము మనస్సును, మనస్సు శరీరమును అనుసరించునన్న ఆయుర్వేద సిద్ధాంతమునకు ఇది దగ్గరగా ఉన్నది.

ఇక ధైర్యము మాట. రోగి మనస్సులోని భావములను వైద్యుడు ఎట్లు ఊహింపవలెనో విమానస్థానములో చెప్పినారు. శోకమును దైన్యము చేత తెలిసికొనవలెను. ధైర్యమును విషాదము లేకుండుట చేత తెలిసికొనవలెను. ఈ చిన్న సూత్రములో గొప్ప అర్థమున్నది. ధైర్యమనగా విషాదము లేని స్థితియే అయినప్పుడు, విషాదగ్రస్తుని ధైర్యముగా ఉండుమనుట, జ్వరపీడితుని ఒళ్లు చల్లబరచుకొనుమని ఆజ్ఞాపించుట వంటిది. అతనికి కొరతపడినదే అది. కొరతపడినదానిని అతనినే తెమ్మనరాదు, మనము సమకూర్చవలెను.

ఎట్లు సమకూర్చవలెను? ఆయుర్వేదము చికిత్సను మూడు విధములుగా విభజించినది. మంత్రము, హోమము, ఉపవాసము మున్నగునవి దైవవ్యపాశ్రయము. ఆహారౌషధముల యుక్తి యుక్తివ్యపాశ్రయము. హితము కాని విషయములనుండి మనస్సును మరల్చుట సత్త్వావజయము. మనస్సునకు రజస్సు, తమస్సు అనునవి దోషములనియు, వానికి జ్ఞానము, విజ్ఞానము, ధైర్యము, స్మృతి, సమాధి అనునవి ఔషధములనియు చరకుడు చెప్పెను. ఆత్మను గూర్చిన ఎరుక జ్ఞానము. శాస్త్రపు తెలివి విజ్ఞానము. అనుభవించినదానిని జ్ఞప్తికి తెచ్చుకొనుట స్మృతి. విషయములనుండి మనస్సును మరల్చి నిలుపుట సమాధి. వీనిని రోగి యొంటరిగా సాధింపవలెనని మాత్రము గ్రంథము విధింపలేదు. మానసవ్యాధి కలిగినప్పుడు ఆ విద్య తెలిసినవారిని ఆశ్రయింపవలెనని స్పష్టముగా చెప్పినది. ఇష్టమైనదానిని కోల్పోయి మనస్సు దెబ్బతిన్నవానికి, దానివంటిది మరల లభింపజేయుట చేతను, మంచిమాటల చేతను, ఊరడింపు చేతను శాంతి కలిగింపవలెనని ఉన్మాద చికిత్సలో ఉన్నది. భయశోకములవలన కలిగిన అతిసారమునకు సైతము సంతోషము కలిగించుటయు, ఆశ్వాసించుటయు చికిత్సలో చేర్చినారు. కడుపునొప్పితో వచ్చినవానికి ఓదార్పును మందుగా వ్రాసి యిచ్చిన శాస్త్రమిది.

కన్నీటిని గూర్చి చెప్పినది మరింత గమనింపదగినది. ఆకలి, దప్పిక, నిద్ర, తుమ్ము మొదలైన పదుమూడు సహజవేగములను ఆపరాదని చెప్పుచు, వానిలో కన్నీటిని కూడ చేర్చినారు. ఏడ్పును బలవంతముగా అణచినచో పడిశము, కంటిజబ్బు, గుండెజబ్బు, అరుచి, తలతిరుగుట కలుగునట. అదే అధ్యాయములో లోభము, శోకము, భయము, క్రోధము వంటి మనోవేగములను మాత్రము అదుపులో పెట్టుకొనవలెనని యున్నది. అనగా కన్నీరు కారనిమ్ము, కాని శోకమునకు మనస్సును అప్పగింపకుము అని భావము. ‘మగవాడవు, ఏడ్చెదవా?’ అని కసరువారు ఈ భేదమును తెలిసికొనవలెను. అణచిన కన్నీటికి నిద్రను, మద్యమును, ప్రియమైన కథలను ఉపశమనముగా చెప్పినారు. ఇందు మద్యము విషయమున మాత్రము ప్రాచీనులను అనుసరింపరాదు. మద్యము కుంగుబాటును మరింత పెంచునని నేడు నిశ్చయముగా తెలిసినది. నిద్రయు, ప్రియమైన కథలును నేటికిని మంచివే.

మన ఇండ్లలో సుందరకాండ పారాయణము చేయువారెందరో కలరు. లంకయంతయు వెదకి సీతను కానక హనుమంతుడు విషాదమున మునిగిన ఘట్టమును వారెరుగుదురు. సముద్రమును లంఘించిన మహావీరుడు, వట్టిచేతులతో ఎట్లు తిరిగిపోదునని తలపోసి, ప్రాణములు విడుచుటయే మేలని ఎంచు వరకు పోయెను. అతనిని పిరికివాడని ఎవరైనను అనగలరా? పిమ్మట బ్రదికియున్నవానికే శుభము చేకూరునని తనకు తానే నచ్చజెప్పుకొని, తానింకను వెదకని అశోకవనమొకటి మిగిలియున్నదని గమనించెను. లంకలో అతనికి తోడెవ్వరును లేరు గనుక తన్ను తానే ఓదార్చుకొనెను. మన ఇంటివారికి ఆ అవస్థ రానేల? చెంతనే మనమున్నాము గదా.

ఇక దేహమునకు చేయవలసిన ఉపచారములు. ఆహారము, నిద్ర, బ్రహ్మచర్యము అను మూడును శరీరమును నిలుపు ఆధారములని ఆయుర్వేదము చెప్పును. సుఖదుఃఖములు, పుష్టియు కృశత్వమును, బలాబలములు, జ్ఞానాజ్ఞానములు నిద్రపై ఆధారపడియున్నవని చరకుని మాట. నిద్రపట్టనివానికి ఒంటికి నూనె రాచుట, స్నానము, పాలు, నెయ్యి, పెరుగు కలిపిన వరియన్నము, ఒళ్లు పట్టుట, మనస్సునకు ఇంపైన శబ్దములు, సుగంధములు, మెత్తని పడక విధించినారు. తలకు నూనె పట్టించు విధములను వాగ్భటుడు అష్టాంగహృదయములో నాలుగుగా చెప్పెను. కేరళ వైద్యశాలలలో ప్రసిద్ధమైన ధార వానిలో ఒకదానికి చెందినదే. కఫలక్షణములు కలవానికి ఈ మెత్తని ఉపచారముల కంటె తేలిక ఆహారము, పగటినిద్ర మానుట, నడక, ఎండ తగులుట మేలు. వ్యాయామము బలములో సగమువరకే చేయవలెనని శాస్త్రము. క్రమమైన వ్యాయామము కుంగుబాటును కొంత తగ్గించునని నేటి పరిశోధనలును తెల్పుచున్నవి. లేవలేనివానిని ‘రేపటినుండి రెండు మైళ్లు నడువుము’ అనుట వలన ఫలము లేదు. సాయంకాలము చెప్పులు తొడిగించి, వెంటబోయి, వీధి చివరవరకు నడిపించి తీసికొనివచ్చినచో ఆనాటికి అదియే చాలును.

ఔషధముల విషయము. మేధను పెంచు రసాయనములుగా చరకసంహిత నాలుగింటిని చెప్పినది. మండూకపర్ణి, అనగా మన సరస్వతి ఆకు రసము, పాలతో అతిమధురపు చూర్ణము, తిప్పతీగ రసము, శంఖపుష్పి కల్కము. వీనికి తోడు బ్రాహ్మి, జటామాంసి, పెన్నేరు గడ్డ, కల్యాణక ఘృతము వైద్యులు వాడుచుందురు. వీనిలో కొన్నింటిపై పరీక్షలు జరిగినవి, కాని అవి చిన్నవి. తీవ్రమైన కుంగుబాటునకు ఇవి మాత్రమే చాలునని చెప్పుటకు తగిన బలమైన నిదర్శనము లేదు.

మూలికలు గనుక హాని చేయవనుకొనుట పొరపాటు. ఇందుకు సర్పగంధ చరిత్రయే నిదర్శనము. 1931లో కలకత్తా వైద్యులు గణనాథ సేన్, కార్తీక చంద్ర బోస్ గారలు ఈ వేరు రక్తపుపోటును, ఉన్మాదమును తగ్గించునని ప్రకటించిరి. 1949లో బొంబాయి హృద్రోగ వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ గారు దీనిని గూర్చి బ్రిటిష్ పత్రికలో వ్రాసిరి. 1952లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు దీనినుండి రిసర్పిన్ అను సారమును వేరుచేసిరి. ప్రపంచమంతయు దానిని వాడినది. కొలది ఏండ్లలోనే, రక్తపుపోటుకు దానిని పుచ్చుకొన్నవారిలో కొందరు కుంగుబాటునకు లోనగుచున్నారని వైద్యులు గమనించిరి. అది ఎంతవరకు మందు వలననే కలిగినదని తరువాత చర్చ సాగినను, కుంగుబాటు కలవారికి ఆ మందు ఇయ్యరాదను నియమము ఏర్పడినది. ఉన్మాదిని శాంతపరచు వేరు విషాదికి ఎదురు తిరుగవచ్చును. అందుచే పొరుగువారికి పనిచేసినదని మనమును మ్రింగరాదు. పెన్నేరు గడ్డ కొందరిలో కాలేయమునకు హాని చేసినట్లు వైద్యపత్రికలలో కలదు. 2004లో వెలువడిన ఒక పరిశీలనలో, అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దుకాణములలో కొన్న 70 ఆయుర్వేద ఔషధములను పరీక్షింపగా 14 ఔషధములలో సీసము, పాదరసము, ఆర్సెనిక్ అనువానిలో ఒకటిగాని అంతకు మించిగాని కనబడినవి.

కావున గృహస్థులకు మేము మనవి చేయునది ఇది. కుంగుబాటు రెండు వారములు దాటినచో వైద్యునికి చూపుడు. థైరాయిడ్ మాంద్యము వంటి దేహవ్యాధులు కూడ ఈ రూపమున రావచ్చును. వానిని పరీక్షచేతనే తెలిసికొనవలెను. మానసిక వైద్యుడు ఇచ్చిన మందులను ఆయుర్వేదము ఆరంభించితిమని హఠాత్తుగా మానరాదు. ఏ మందు వాడుచున్నదియు ఇరువురు వైద్యులకును దాచక చెప్పవలెను. చావును గూర్చిన మాట నోట వచ్చినచో దానిని బెదిరింపుగా గాని, నటనగా గాని ఎంచక, ఆ మనిషిని ఒంటరిగా విడువక, వెంటనే వైద్యసహాయము పొందవలెను. చావు తలంపు ఉన్నదా యని నెమ్మదిగా అడిగినంత మాత్రమున ఆ తలంపు పుట్టదు. అడిగినవారున్నారని రోగికి ఊరట కలుగును. 2022లో భారత ప్రభుత్వము ప్రారంభించిన టెలీమానస్ అను సేవకు 14416 అను సంఖ్యతో ఫోను చేసి ఏ వేళనైనను తెలుగులోనే మాటాడవచ్చును. తెలిసినవారిని ఆశ్రయించుట ఆయుర్వేదము చెప్పిన చికిత్సలో ఒక భాగమే గాని దానికి విరుద్ధము కాదు.

మూలికలను ఎంచుట వైద్యుని పని. కాని వేళకు ఇంత అన్నము కలిపి పెట్టుట, తలకు నూనె రాచుట, ఏడ్చుచున్నప్పుడు వారింపక ప్రక్కన కూర్చుండుట, సాయంకాలము వెంట నడచుట, ప్రియమైన కథ యొకటి చెప్పుట మన అందరి చేతిలోని పనులు. ఇకమీదట గోడవైపు తిరిగి పండుకొనినవారిని చూచినప్పుడు ‘ధైర్యముగా ఉండుము’ అను మాటను ఆపుకొని, ‘నేనిక్కడ ఉన్నాను’ అని చెప్పుదము. చెప్పి, అక్కడనే ఉందము.