గాలివానకు ఒరిగిన చెక్క గేటు: ఎందుకు? ఎలా?

హైదరాబాద్ నాంపల్లి, ఆబిడ్స్ సందుల్లో అపార్ట్‌మెంట్లుగా మారని పాత ఇళ్లు ఇంకా కొన్ని ఉన్నాయి. వాటిలో కొన్నింటికి టేకు గేట్లు. మే నెల సాయంత్రం ఈదురుగాలి కొట్టిన మర్నాడు అలాంటి గేటు ఒక మూల నేలకు ఆని కనిపిస్తే, ‘తీసేసి ఇనుపది పెట్టించండి’ అనే సలహా ముందొస్తుంది. చేవ ఉన్న టేకును అంత తేలిగ్గా వదులుకోకూడదు. చాలాసార్లు చెడేది చెక్క కాదు, దాన్ని పట్టుకున్న బందులూ అతుకులూ.

ఒరగడం ఎందుకు? గాలి వేగం రెండింతలైతే దాని తోపుడు నాలుగింతలవుతుంది. గంటకు 72 కిలోమీటర్ల గాలి, ప్రతి చదరపు మీటరునూ సుమారు 25 కిలోల బరువు పెట్టినట్టు నెడుతుంది. మీటరున్నర ఎత్తు, 1.2 మీటర్ల వెడల్పు ఉండి పలకల మధ్య సందే లేని గేటు మీద అది 45 కిలోలు. గడియ వేయకపోతే గేటు కొట్టుకుంటుంది, ఆ దెబ్బలు ఇంకా చేటు.

అయినా గాలిది చివరి దెబ్బ మాత్రమే. అదే గేటు 40 కిలోలుంటే, బందుల మధ్య మీటరు దూరముంటే, పై బందును గేటు రాత్రీపగలూ 24 కిలోల బలంతో బయటికి లాగుతూనే ఉంటుంది. కింది బందు దగ్గర అంతే బలం స్తంభంలోకి నొక్కుతుంది. అందుకే ముందు ఊడేవి పై బందు స్క్రూలు.

బాగుచేయడం ఎలా? ముందు గేటు దింపి, నీడలో చదునుగా ఆరబెట్టండి. తడిసిన చెక్క వెడల్పులో ఉబ్బుతుంది, పొడవులో దాదాపు మారదు. ఉబ్బి ఉండగానే చిత్రిక పట్టించారా, ఆరాక సందులు తేలతాయి. ఆరిన తరువాత ఒక దారంతో ఎదురెదురు మూలలు కొలవండి. రెండు కొలతలూ సమానం కాకపోతే చట్రం వాలినట్టే. స్క్రూడ్రైవర్ కొనతో కింది అడ్డకర్రను గుచ్చి చూడండి. మెత్తగా దిగిందంటే ఆ మేరకు కోసి కొత్త ముక్క వేయాల్సిందే.

వదులైన అతుకులో పాత జిగురు గీకి, నీటికి ఆగే జిగురు పెట్టి, మూలలు సరిచూసి, తాడు మెలేసి బిగించి ఆరనివ్వండి. పెద్దదైపోయిన స్క్రూ రంధ్రంలో అగ్గిపుల్లలు కుక్కితే వచ్చే గాలివాన దాకా కూడా నిలవదు. పై బందుకైనా చెక్కను దాటి వెనక నట్టుతో బిగిసే బోల్టులు వేయించండి. స్తంభంలోని ఇనుప కొక్కెం తుప్పు పట్టి ఉబ్బితే చుట్టూ గచ్చు పగులుతుంది. ఆ తుప్పు తీయకుండా పైన సిమెంటు పూయడం వృథా.

అసలు మరమ్మతు ఐమూల కర్ర. నాలుగు మూలల చట్రం పక్కకు వాలగలదు, త్రికోణం వాలదు. ఆ కర్ర కింది బందు మూల నుంచి గడియ వైపు పై మూలకు పోవాలి. అప్పుడు బరువు కర్ర గుండా కింది బందులోకి దిగుతుంది. తిరగేసి కొడితే కర్ర లాగుడుకు గురై, దాన్ని పట్టుకున్న మేకులే జారతాయి. కర్ర బదులు ఇనుప తీగ బిగించేటట్లయితే మాత్రం పై బందు మూల నుంచి గడియ వైపు కింది మూలకు.

జాంబాగ్ ఫర్నిచర్ బజారు పక్కనే కాబట్టి వడ్రంగి కోసం దూరం పోనక్కర్లేదు. పాత తలుపుల నుంచి తీసిన టేకు ఉందా అని అడగండి. అది బాగా ఆరి ఉంటుంది, కొత్త కర్రలా మెలితిరగదు. ముక్కలో తెల్లటి పై చెక్క ఉంటే వద్దనండి. చెదను, కుళ్లును ఆపే గుణం లోపలి చేవకే ఉంది.

రంగు వేసేటప్పుడు ముందు పలకల కోసిన చివరలను రంగుతో తడపండి. నీళ్లు వేగంగా పీల్చేవి అవే. గేటు అడుగున రెండంగుళాలు వదలండి, ఎందుకంటే మన సందుల్లో రోడ్డు వేసిన ప్రతిసారీ నేల లేస్తుంది. రుతుపవనాలు మామూలుగా జూన్ రెండో వారంలో వస్తాయి గనుక, ఆఖరి పూత అంతకు ముందే ఆరాలి.