4.5 డీబగ్గింగ్‌లో చరరాశుల విలువల పరిశీలన

యాప్ హఠాత్తుగా ఆగిపోతే దోషం ఉందని వెంటనే తెలుస్తుంది. ఆగకుండా తప్పు జవాబు చూపితే ఆ తప్పు ఎక్కడ పుట్టిందో తెర మీద కనిపించదు. అప్పుడు కోడ్‌ను ఊహతో మార్చకండి. చరరాశులలో, అంటే వేరియబుల్స్‌లో, ఆ క్షణాన ఉన్న విలువలను పరిశీలించండి.

ఉదాహరణ: కోట్లిన్‌లో రాసిన ఒక యాప్ మార్కుల శాతాన్ని లెక్కిస్తుంది. 600కు 432 మార్కులు వస్తే 72 చూపాలి. కాని 0 చూపుతోంది. లెక్క జరిగే వరుస ఇది:

శాతం = మార్కులు / గరిష్ఠం * 100

ఆండ్రాయిడ్ స్టూడియోలో ఈ వరుస సంఖ్య వద్ద క్లిక్ చేసి బ్రేక్‌పాయింట్ పెట్టండి. తరువాత యాప్‌ను 'డీబగ్' బటన్‌తో నడపండి. ఆ వరుసను అమలు చేయడానికి ముందే యాప్ ఆగుతుంది. కాబట్టి లెక్కించిన శాతం అప్పటికి సిద్ధంగా ఉండదు. వేరియబుల్స్ జాబితాలో మార్కులు 432, గరిష్ఠం 600 అని కనిపిస్తాయి. అంటే దత్తాంశం సరైనదే. దోషం లెక్కలో ఉంది.

ఇప్పుడు 'ఎవాల్యుయేట్ ఎక్స్‌ప్రెషన్'లో మార్కులు / గరిష్ఠం అని ఇవ్వండి. 0 వస్తుంది. రెండూ ఇంట్ రకానివి కావడంతో భాగహారంలో భిన్న భాగం పోయింది. మార్కులు * 100 / గరిష్ఠం అని ఇస్తే 72 వస్తుంది. ఇలా సరిచూసుకున్న తరువాతే కోడ్‌ను సవరించండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి
1. బ్రేక్‌పాయింట్ వద్ద 'శాతం' విలువ ఎందుకు సిద్ధంగా ఉండదు?
2. సవరించిన సూత్రంలో మార్కులు 433 అయితే జవాబు ఎంత? భిన్న భాగం కూడా కావాలంటే ఏం చేయాలి?