నలభై ఐదు దాటినోళ్ల గేర్లు

సిరిసిల్లలో ముప్పై ఏళ్లు సాంచాలు బాగుచేసిన. మరమగ్గంలో బట్ట చుట్టుకునే కాడ ఒక పండ్ల చక్రం ఉంటుంది. దాన్ని తీసి ఇంకో లెక్క పండ్లున్న చక్రం వేస్తే అంగుళానికి పడే పేక పోగులు మారిపోతాయి. పండ్లు లెక్కపెట్టడం నాకట్లా వేళ్లకు పట్టిన అలవాటు. 62వ ఏట రోడ్ సైకిలు కొందామని హైదరాబాద్‌లో ఒక దుకాణానికి పోయి, మొదట చేసిన పని వంగి వెనక చక్రం పండ్లు లెక్కపెట్టడమే. దుకాణం పిల్లగాడు నవ్విండు.

అప్పటిదాకా నాది నల్ల సైకిలు. చిన్నప్పుడు కైంచి తొక్కుడు నేర్చుకున్న రకమే. ముందు 44 పండ్లు, వెనక 18. అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది, బండి ఐదు మీటర్ల పైచిలుకు ముందుకు పోతుంది. గంభీరావుపేట నుంచి నర్మాలకు, ఎగువ మానేరు కట్ట చూసి రావడానికి అది చాలు. ఎదురుగాలి వచ్చినా, ఎక్కుడు వచ్చినా ఐదు మీటర్లే. బండి తగ్గదు, మనిషే తగ్గాలి. యాభై దాటినాక నా కుడి మోకాలు ఆ సంగతి చెప్పడం మొదలుపెట్టింది.

"అంకుల్, ఇది చాలా ఫాస్ట్" అని పిల్లగాడు ఒక బండి ముందుకు తోసిండు. ముందు 52, 36 పండ్ల చక్రాలు రెండు. వెనక అన్నిటికన్నా పెద్దది 28. కుర్రవాళ్లకు మంచి బండే. నేను మాత్రం బండి పరుగు తీసే చోటును కాదు, ఆగిపోయే చోటును తలుచుకున్న. నాకది కొండగట్టు. అంజన్న గుడికి ఎక్కుతుంటే గంటకు 7 కిలోమీటర్లు పోతే గొప్ప. అంటే నిమిషానికి 117 మీటర్లు. ముందు 36, వెనక 28 వేస్తే ఒక్క తిరుగుడుకు 2.7 మీటర్లు, నిమిషానికి 43 తిరుగుళ్లు. ప్రతి తొక్కుకూ ఒళ్లంతా మోకాలి మీద మోపాలి. ముందు 34, వెనక 34 ఉంటే పెడల్ ఒక చుట్టు, చక్రం ఒక చుట్టు, 2.1 మీటర్లు. అదే వేగానికి 55 తిరుగుళ్లు. చేసే పని అంతే, కానీ ఒక్కొక్క తొక్కులో ఐదో వంతుకు పైగా బరువు తగ్గుతుంది. ఊపిరి కొంచెం ఎక్కువ ఆడుతుంది, నిజమే. ఊపిరి రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది. మోకాలికి వారం కావాలి.

ముందు 50-34, వెనక 11 నుంచి 34 ఉన్నదే కావాలన్న. ముందున్న ఆ జతను కాంపాక్ట్ అంటారు. వెనక గేర్లు ఎనిమిది, షిమానో వాళ్ల క్లారిస్ రకం, రోడ్ సైకిళ్లలో కింది మెట్టు. ఎనిమిదింటినే 11 నుంచి 34 దాకా పరిచితే మెట్టుకూ మెట్టుకూ ఎడం ఎక్కువ. చదును రోడ్డు మీద ఒక్కోసారి ఇది బరువు, అది తేలిక అనిపిస్తుంది. ఒప్పుకున్న. 50-11 గేరులో నిమిషానికి 80 తిరుగుళ్లు వేస్తే గంటకు 45 కిలోమీటర్లు దాటుతుంది. ఆ వేగం నాకు దిగుడులోనే వస్తుంది, దిగుడులో నేను బ్రేకు పట్టుకుంటా. ఇంకొక మాట. మొదట వెనక 28 పండ్లది కొని, తర్వాత 34కు మార్చుకుందామంటే అన్నిసార్లూ కుదరదు. చైనును అటూఇటూ జరిపే వెనక డిరైలర్ పంజరం పొడుగ్గా ఉండాలి, చైను కూడా పెంచాల్సి రావచ్చు. డబ్బు ఇవ్వకముందే అడగాలి.

"గీ వయసుల గేర్ల సైకిలా?" అన్నది మా ఆవిడ. ఈ వెక్కిరింపు ఆమెతో మొదలు కాలేదు. టూర్ ద ఫ్రాన్స్ పందెం పుట్టించిన ఆన్రి దెగ్రాంజ్ 1902లోనే గేర్లు మార్చడం 45 దాటినోళ్ల పని అని రాసిండు. మొనగాడైతే కండ బలంతో గెలవాలట. ఆయన పందెంలో డిరైలర్లను 1937 దాకా రానియ్యలేదు. పందెగాళ్లు వెనక చక్రం ఊడదీసి, తిప్పి బిగించుకొని కొండలెక్కేవాళ్లు. ఆ ఫ్రాన్స్‌లోనే రాబర్ మార్షాన్ అనే తాత 2017 జనవరిలో, 105 ఏళ్ల వయసులో గంటసేపు తొక్కి 22.547 కిలోమీటర్లు పోయిండు. మా ఆవిడకు ఈ లెక్క చెప్పిన. "ఆయనకు చెప్పేవాళ్లు లేరేమో" అన్నది.

గేర్ల తర్వాత నడుము. రేసు బండిలో హ్యాండిల్ సీటుకన్నా బాగా కిందికి ఉంటుంది, మెడ ఎత్తి చూడాలి. ఓర్పు సవారీకి చేసిన ఫ్రేములు వేరే ఉన్నాయి, ముందుభాగం ఎత్తుగా, హ్యాండిల్ దగ్గరగా. కూర్చొని రెండు నిమిషాలు బ్రేకుల మీద చేతులుంచితే తేడా తెలిసింది. సీటు సంగతి మాత్రం నా తప్పే. రెండు కాళ్లూ నేలకు ఆనాలని ఏళ్ల తరబడి దించుకొని తొక్కిన. మోకాలి నొప్పిలో సగం దానిదే అనుకుంటా. మడమ పెడల్ మీద పెట్టి కిందికి దింపితే కాలు నిటారుగా రావాలి. అప్పుడు ముందు పాదం పెట్టి తొక్కుతుంటే మోకాలు కొంచెం వంగి ఉంటుంది. బండి ఎక్కడానికి కాలు అంత ఎత్తు లేవకపోతే బండినే పక్కకు వంచాలి.

టైర్లు 32 మిల్లీమీటర్లవి వేయించిన. సన్నవి వేసుకుంటే కోతల కాలంలో మా రోడ్ల మీద బతకలేం. సగం రోడ్డు వడ్లు, సగం మక్కలు, పట్టాలు కదలకుండా అంచుకు రాళ్లు. గుండె డాక్టరుకు చూపించుకున్నాకే కొండ జోలికి పోయిన.

అన్నీ లెక్కచూసుకొని ఒక్కటి మరిచిన. మొదటి నెలలోనే వేములవాడ తొవ్వలో పంక్చరైంది. పంక్చర్ దుకాణం పిలగాడు ట్యూబు బాగుచేసి గాలి కొట్టబోయి ఆగిండు.

"కాకా, గిదేం వాల్వు? నా పంపు పట్టది."

పెన్సిల్ మొనలా సన్నటి ప్రెస్టా వాల్వు అది. మోటారు సైకిళ్ల గాలి పైపు దాని మీద కూర్చోదు. బండి నెట్టుకుంటూ నడిచి, చివరికి ఆటో ఎక్కించిన. ఇప్పుడు వేలి గోరంత ఇత్తడి అడాప్టర్ తాళంచెవి గుత్తికి వేలాడుతుంటుంది. దాని ధర చాయ్, సమోసా అంత. ఆ పిలగాడికీ ఒకటి ఇచ్చి వచ్చిన. దుకాణం ముందు మేకుకు తగిలించుకున్నడు.